నెల సరి లేదు

జూలై 2, శుక్రవారం

ఈ డైరీ సౌభాగ్య ఇచ్చింది. ఏదో బట్టల దుకాణం వాళ్లు పంచినది, జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. "అత్తమ్మా, మీ ఫికర్లన్నీ దీంట్ల రాసుకోండి. మాకు చెప్పకండి" అంది. బీపీ డాక్టరు కూడా అదే అన్నాడట. ఆయన అన్నాడో, ఈమె అనిపించిందో. నాది నాలుగో తరగతి చదువు. చదివేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి తప్పులున్నా ఫరవాలేదు.

ఈరోజు ఫికర్లు రాస్తున్నాను. ఎడమ మోకాలు. పాలు పోసే ఆయన దగ్గుతూ పోశాడు. పక్కింటి పంపమ్మ మేడ మీద నీళ్ల ట్యాంకు ఒక పక్కకు ఒరిగినట్టుంది, పడితే మన వంటింటి మీదే పడుతుంది. గురునాథ్ వ్యాను మళ్లీ ఆగింది.

వ్యాను ఆగలేదు. వ్యానులో ఉన్న యాంప్లిఫయర్ ఆగింది. రోజుకు నాలుగుసార్లు ఆగుతోంది.

నా కొడుకు తొమ్మిదేళ్లు బూడిద లారీ నడిపాడు. పవర్ ప్లాంటులో మిగిలిన బూడిదను సిమెంటు పని చేసేవాళ్లకు మోసే ఒక కాంట్రాక్టరు లారీ అది. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. వాకిట్లో నిలబడితే నా కొడుకు నాకంటే ముసలివాడిలా కనిపించేవాడు. దగ్గు ఎక్కువైతే నేనే ఏడ్చి మాన్పించాను. ఇప్పుడు ఒక పాత వ్యాను కొన్నాడు. పైన రెండు హారన్లు, లోపల సీటు వెనక యాంప్లిఫయర్. కారులో పాటలకు పెట్టుకునేది, సెకండ్ హ్యాండ్. మైకు పట్టుకునేది సౌభాగ్య. మాది కన్నడ సీమలో తెలుగువాళ్లున్న ఊరు, ఆమె తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ గలగలా మాట్లాడుతుంది. దుకాణాల డిస్కౌంట్లు, తప్పిపోయిన పిల్లలు, పోయినవాళ్ల కబురు, అన్నీ ఆమె గొంతే.

"ఈ నెలాఖరు దాంక చూస్తనమ్మా. గప్పటికి బండి బరాబర్ నడవకపోతే మళ్ల లారీ ఎక్కుత" అన్నాడు అన్నం తింటూ. కాంట్రాక్టరు ఇప్పటికే రెండుసార్లు మనిషిని పంపాడు.

దీనికి బీపీ రాకపోతే దేనికి వస్తుంది?

జూలై 4, ఆదివారం

చీరల దుకాణం ప్రచారానికి పోయారు. సౌభాగ్య "అన్ని చీరలు సగం" అనేసరికి మాట తెగింది. "సగం ధరకే" అనాలి. ఆ ధర యాంప్లిఫయర్ కడుపులోనే ఉండిపోయింది. సాయంత్రం పంపమ్మ వచ్చి అడిగింది: "ఏమక్కా, సగం సగం చీరలు అమ్ముతున్నరంట, ఎలుకలు కొట్టినయా ఏంది?"

ఆగినప్పుడల్లా ఆ డబ్బా మీద పచ్చ దీపం పోయి ఎర్ర దీపం వస్తుంది. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటే సౌభాగ్యను అడిగాను. "ప్రొటెక్ట్, అత్తమ్మా. అంటే కాపాడుకునుడు. లోపల ఏదో గడబిడ అయితే కాలిపోకుండ తనంత తానే బంద్ అయితది" అని చెప్పి, నన్ను పైనుంచి కిందికి చూసి, "మీ చుట్టమే. చిన్నదానికే ఎర్రగైతది" అంది.

ఆ డబ్బా ప్రమాదం అనిపిస్తే నోరు మూసుకుంటుంది. నేను అప్పుడే తెరుస్తాను. చుట్టరికం ఎక్కడ కలిసిందో నాకు తెలియలేదు.

జూలై 5, సోమవారం

గురునాథ్ పొద్దంతా వ్యానులో తల దూర్చి ఉన్నాడు. ఫ్యూజు మార్చాడు. బ్యాటరీ కొసలు గీకి శుభ్రం చేశాడు. ఒక హారన్ తీసేసి చూశాడు, తర్వాత రెండోది తీసి చూశాడు. మెల్లగా మాట్లాడితే బాగానే పలుకుతోంది. గొంతు పెంచితే ఆగుతోంది.

గొంతు పెంచితేనే ఎందుకు ఆగుతుంది? నాకు తెలుసు. ఊరంతా ఆ పిల్ల గొంతు విని నోరు తెరుచుకుని చూస్తుంది. దిష్టి తగలక ఏమవుతుంది? వ్యాను వెనక ఎండుమిరపకాయలు కట్టాను. ఇంకొకటి కూడా పెట్టాను. అది రాయక్కరలేదు, చిన్న పని.

ఒక్కటి మాత్రం నా వల్ల బాగుపడింది. వ్యాను కొన్న కొత్తలో లోపల కింద ఇనుము తుప్పు పడుతుందని నేను రోజూ పోరు పెడితే, గురునాథ్ విసుగొచ్చి దానికి రెండు కోట్లు పెయింటు కొట్టాడు. ఆ తర్వాతే డబ్బా బిగించాడు. ఇప్పటికీ వెండి పళ్లెంలా మెరుస్తోంది. ఒక్క చోట తుప్పు లేదు. మంచి మాట చెప్పినవాళ్లను ఎవరు తలుచుకుంటారు.

జూలై 7, బుధవారం

చిన్న పని బయటపడింది.

సౌభాగ్య చెయ్యి పెట్టి "అబ్బా" అని వెనక్కి లాక్కుంది. డబ్బా పెనంలా కాలుతోందట. దాని మీద నా పాత చీరలతో కుట్టిన బొంత నాలుగు మడతలు వేసి కప్పి ఉంది. నేను దుమ్ము పడకుండా కప్పాను. లోపల తాయెత్తు కూడా కుట్టాను.

"అత్తమ్మా! దానికి గాలి ఆడాల! ఎండకాలం పిల్లకు గొంగడి కప్పినట్టు కప్పినరు!"

గురునాథ్ బొంత మడిచి నా చేతికి ఇచ్చాడు. "వేడికే ఆగుతున్నదేమో, ఇప్పుడు సరైతది" అన్నాడు.

జూలై 8, గురువారం

బొంత లేకుండానే ఆగింది. మూడుసార్లు. దేవుడా, కొడుకు పని చెడినందుకు సంతోషించకూడదు. కానీ బొంత తప్పు కాదని తేలింది కదా.

జూలై 9, శుక్రవారం

గురునాథ్, సౌభాగ్య మార్కెట్టు పనికి పోయారు, వ్యాను వాకిట్లోనే ఉంది. కనకప్ప వచ్చాడు. కరెంటు మోటార్ల పని, వైరింగు పని చేసే మనిషి. గురునాథ్ రమ్మని చెప్పి పంపాడట. మనిషిది కన్నడం. నాకు కన్నడం రాక కాదు, అయినా నన్ను చూస్తే తెలుగే మాట్లాడతాడు, గౌరవానికి.

వ్యానులో దూరి, దీపం ఉన్న చిన్న టెస్టరు అక్కడా ఇక్కడా పెట్టి చూశాడు. నేను వాకిట్లో జొన్నలు ఏరుతూ ఒక కన్ను అటే వేసి ఉంచాను. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"అవ్వా, నెల సరి లేదు. గురునాథ్‌కు చెప్పు. నెల మార్చాల. మార్చితే అంతా సరైతది."

నా చేతిలో చేట ఆగిపోయింది. నేను అనుకుంటున్నదే. ఆషాఢం! మెషీన్ల మనిషికి కూడా తెలిసిపోయింది.

"అంతేనా నాయనా? ఇంక వేరే ఏం లేదా?"

"ఏం లేదవ్వా. డబ్బా మంచిగుంది, వైరు మంచిగుంది. నెల ఒక్కటే ఖరాబు."

అక్కడినుంచే బస్సుకు పోయాడు. తుర్విహాళలో రైసుమిల్లు మోటార్ల పని ఉందట, రెండు వారాలు రాడు.

గురునాథ్ రాగానే చెప్పాను. నెల అంటే మోటుగా ఉంటుందని, "మాసం మంచిగ లేదంట బిడ్డా, మాసం మారితే సరైతదన్నడు కనకప్ప" అన్నాను.

"గట్ల అనలేదమ్మా. వచ్చే నెల వచ్చి సూస్తనని అన్నడేమో. నువ్వేదో విన్నవు."

నేనేదో విన్నానట. నా చెవులు బాగానే ఉన్నాయి. మోకాలే బాగాలేదు.

జూలై 10, శనివారం

గుడిలో పూజారిని అడిగాను. పంచాంగం తిప్పి, "ఆషాఢంలో కొత్త పనులు వద్దు తల్లీ. పదిహేడు అమావాస్య. పద్దెనిమిది నుంచి మాసం మారుతుంది" అన్నాడు. ఇంకో వారమే. అంతవరకు గొంతు పెంచవద్దని సౌభాగ్యకు చెప్పాను.

"మైకుల మెల్లగ మాట్లాడాల్నంటే, ఇంక ఇంటింటికి పోయి చెవులనే చెప్పొస్త అత్తమ్మా" అంది.

జూలై 12, సోమవారం

ఈరోజు జరిగింది ఎట్లా రాయాలి? నవ్వుతూనా, భయపడుతూనా?

రిటైరైన కాంపౌండరు సుంకప్ప కొత్తగా పిండి గిర్ని పెట్టుకున్నాడు. దాని ప్రచారం. సౌభాగ్య మా వీధి మలుపులోనే మొదలుపెట్టింది: "మనందరికీ తెలిసిన పెద్దమనిషి, కాంపౌండర్ సుంకప్ప గారు, ఈరోజు ఉదయం..."

ఎర్ర దీపం.

నిన్ననే ఇదే వ్యాను ఇదే గొంతుతో ఎవరో పోయిన కబురు చెప్పింది. అదీ ఇట్లే మొదలైంది, పెద్దమనిషి, ఈరోజు ఉదయం అని. ఇంక వీధిలో ఎవరికైనా ఏం అర్థమవుతుంది? పంపమ్మ "అయ్యో, ఎన్ని సూదులు వేసిండు నాకు" అని ఏడుస్తూ పూలదండ కొనుక్కుని పోయింది. పోతే ఏముంది, కొత్త పంచె కట్టుకుని సుంకప్పే గడపలో నిలబడి ఉన్నాడట. "రా పంపమ్మా, నువ్వే మొదటి గిరాకి! జొన్నలేవి?" అన్నాడట. పంపమ్మ కేక పెట్టి, ఆ దండ ఏం చేయాలో తెలియక గిర్నికి వేసి వచ్చింది. మధ్యాహ్నం బస్సుకు దేవదుర్గ నుంచి ఆయన చెల్లెలు దిగింది, బస్టాండు నుంచే శోకాలు పెడుతూ.

సుంకప్ప మా ఇంటికి వచ్చాడు. గురునాథ్ చేతులు జోడించాడు.

"చేతులు జోడించకు. నేను బతికున్నానని ఊరంతా చెప్పించు. ఏ నోటితో చంపినరో, ఆ నోటితోనే బతికించాల."

జూలై 13, మంగళవారం

చెప్పించారు.

ఎందుకు చెప్పించారో దేవుడికే తెలియాలి. మెల్లగా చెప్పమ్మా అన్నాను. కానీ ఆ ఒక్క మాట అందరికీ వినపడాలని సౌభాగ్య ఆ మాట దగ్గరే గొంతు పెంచింది. "ప్రజలారా, కాంపౌండర్ సుంకప్ప గారు చనిపో..."

అక్కడ తెగింది. "లేదు" లోపలే ఉండిపోయింది.

దేవదుర్గ చెల్లెలు కొంచెం తేరుకుని తిరుగు బస్సు ఎక్కబోతోందట. దిగిపోయింది.

జూలై 14, బుధవారం

అన్నం సహించలేదు. సౌభాగ్య ఒక్కతే వంటింట్లో గోడ వైపు తిరిగి నవ్వుతోంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నన్ను చూసి ఇంకా నవ్వింది. నాకూ వచ్చింది. గురునాథ్ చూసి బయటికి పోయాడు.

జూలై 15, గురువారం

కబురు వచ్చింది. మాన్వి తాలూకాలో వానాకాలం నీళ్ల గురించి ఊరూరా ప్రచారం చేయాలట. మూడు భాషలు మాట్లాడేవాళ్లు కావాలి. ఇరవై ఆరో తేదీ సోమవారం మాన్వి తాలూకా ఆఫీసుకు వ్యాను తీసుకుపోయి చేసి చూపించాలి. బాగుంటే వానలు పోయేదాకా పని వీళ్లదే. బాగా లేకపోతే ఎవరిదో జీపు ఉందట, దానికి ఇస్తారు.

"ఇది దొరికితే లారీ ముఖం సూడనమ్మా" అన్నాడు గురునాథ్. దొరకకపోతే ఏమిటో వాడు చెప్పలేదు. ఇనప్పెట్టె మీద లారీ నాటి దుమ్ము గుడ్డ ఉతికి మడిచి పెట్టి ఉంది, ముఖానికి కట్టుకునేది. నేను పెట్టలేదు. సౌభాగ్య పెట్టలేదు.

ఆ గుడ్డ తీసి బియ్యం డబ్బా అడుగున దాచాను. గుడ్డ లేకపోతే పోడు కదా.

జూలై 17, శనివారం

అమావాస్య. రేపటితో మాసం మారుతుంది. మోకాలు కూడా ఈరోజు కొంచెం నయం. కనకప్ప మంచి మనిషి.

జూలై 18, ఆదివారం

మాసం మారినా డబ్బా ఆగింది! తలస్నానం చేసి, వ్యానుకు పసుపు కుంకుమ పెట్టి, గట్టిగా మాట్లాడమని నేనే చెప్పాను. "నమస్కారం" అన్నది. ఎర్ర దీపం.

గుడికి పరుగెత్తాను. పరుగంటే నా పరుగు. పూజారి తాపీగా అన్నాడు: "మారింది తల్లీ, కానీ ఇది అధిక శ్రావణం. అసలు శ్రావణం ఆగస్టు పదిహేడుకు."

అధికం! సంవత్సరమంతా లేనిది ఇప్పుడే రావాలా? ఉన్న నెలలే మోయలేకపోతుంటే మధ్యలో ఒకటి ఎక్కువ. ఇరవై ఆరు దాని నడిమధ్యలో పడింది.

ఈ పెన్ను కూడా గీకితే గాని రాయడం లేదు. రీఫిల్ తెమ్మని చెప్పాలి.

జూలై 20, మంగళవారం

గురునాథ్ వ్యాను తోలడం ఆపేశాడు. ఉట్టిగా కూర్చుని ఆ డబ్బా వైపు చూస్తున్నాడు. డబ్బాకు ఒక చిన్న ఫ్యాను పెట్టాడు. లావు వైరు వేశాడు. బ్యాటరీ పక్కింటి వాళ్లది అడిగి తెచ్చి చూశాడు. నేను ఏదో అనబోతే, "అమ్మా, డైరీల రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను.

జూలై 21, బుధవారం

ఒక పని చేశాను. తప్పు కాదు. అబద్ధం అసలే కాదు.

పొద్దున ఇంట్లో ఫోను మోగింది. మాన్వి ఆఫీసు మేడమ్. ఆమె కన్నడం మాట్లాడే మనిషే, నా గొంతు విని తెలుగులోకి మారింది. సోమవారం తప్పక రావాలని చెప్పింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"వస్తరమ్మా. కానీ కొంచెం ఆగి వస్తే అయితదా? ఇప్పుడు నెల మంచిగ లేదు" అన్నాను.

"వానాకాలం ఎక్కడైనా నెల అంతే అమ్మా" అంది ఆమె. "అంతా బురద. మెల్లగ తోలుకుని రమ్మనండి."

పెట్టేసింది. చదువుకున్న మనిషి, ఎక్కడైనా నెల అంతే అంటోంది. ఇంక నేనేం చేయాలి? బురద సంగతి ఎందుకు ఎత్తిందో అర్థం కాలేదు.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

జూలై 22, గురువారం

సౌభాగ్య సోమవారానికి మాటలు చదువుకుంటోంది. వంటింట్లో మైకు బదులు గరిటె పట్టుకుని: "నీళ్లు కాచకుండా తాగకండి!"

నేను లేచి వచ్చి చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు! ఆ మాట వద్దే!"

"ఏమైంది అత్తమ్మా?"

"చివర్ల తెగిందనుకో. నీళ్లు కాచకుండ తాగ... అని ఆగిందనుకో. తాగమన్నట్టే కదా? తాలూకా అంతా పచ్చినీళ్లు తాగి పడుకుంటది. సుంకప్ప ఒక్కడు సాలడా?"

సౌభాగ్య గరిటె దించింది. నేను ఆలోచించి చెప్పాను. మనం మంచి మాట ఎప్పుడూ చివర్లో పెడతాం. ముందే చెప్పేస్తే తెగినా మంచిదే మిగులుతుంది. "కాచి తాగండి నీళ్లు!" ఎక్కడ తెగినా కాచడమే మిగులుతుంది.

కోడలు గరిటె మళ్లీ ఎత్తింది. "ఇన్నేండ్ల నుంచి భయపడి భయపడి ఇది నేర్చుకున్నరా అత్తమ్మా?" అని గరిటెలో అంది, వీధికంతా వినపడేటట్టు. కానీ కాగితాలన్నీ తెచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం కలిసి మాటలన్నీ తిరగేశాం. సుంకప్పది కూడా.

జూలై 23, శుక్రవారం

పెన్ను గీకి గీకి అయినా ఇది రాయాలి.

కనకప్ప వచ్చాడు. గురునాథ్ కూడా వాకిట్లోనే ఉన్నాడు. వ్యానులో డబ్బా ఆన్ చేసి, మైకులో గట్టిగా "హలో" అన్నాడు కనకప్ప. ఎర్ర దీపం. నా వైపు తిరిగాడు.

"ఏమవ్వా, నెల మార్చలేదా?"

"మారింది కదయ్యా! ఆదివారమే మారింది!"

"మారిందా? ఎవరు మార్చిండ్రు?"

"ఎవరు మారుస్తరు? దానంత అదే మారింది. మారినా అధికమంట."

కనకప్ప తల గోక్కున్నాడు. "అధికమెందుకవ్వా? ఒక్క నెల గట్టిగుంటే మస్తు."

"నేనూ గదే అంటున్న! పూజారిని అడుగు నువ్వే!"

"పూజారికేం తెలుస్తది నెల సంగతి?"

"పూజారికి తెలియక నీకు తెలుస్తదా?"

గురునాథ్ అప్పటిదాకా నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఉన్నట్టుండి వ్యాను తలుపు పట్టుకుని కింద కూర్చున్నాడు. పడిపోయాడేమోనని కేక పెట్టాను. వాడు నవ్వుతున్నాడు. నాలుగు నెలల్లో వాడు అంత నవ్వగా చూడలేదు. దగ్గు కూడా రాలేదు.

కనకప్ప వ్యానులో ఎక్కి బూటుతో కింద దబదబా తొక్కాడు. "ఇది అవ్వా! ఈ నెల!"

కన్నడంలో నెల అంటే నేల! నాకు తెలియదా? చిన్నప్పటినుంచి అంటున్నదే, వింటున్నదే. ఆయన తెలుగులో మాట్లాడుతున్నాడని నేను తెలుగులోనే విన్నాను. ఆయన తెలుగు మధ్యలో ఒక్క మాట కన్నడంలో వేశాడు. సరిగ్గా ఆ ఒక్క మాట దగ్గరే నేను పంచాంగం తెరిచాను. మాన్వి మేడమ్ బురద అన్నది కూడా ఇప్పుడు అర్థమైంది.

గురునాథ్ కళ్లు తుడుచుకుంటూ, "నెల అని చెప్పుంటే నాకు గప్పుడే తెలిసేది కదమ్మా. మాసమన్నవు!" అన్నాడు. నేను గౌరవంగా చెప్పబోయాను. గౌరవమే రెండు వారాలు తినేసింది.

కనకప్ప చూపించాడు. డబ్బా నుంచి ఒక నల్ల వైరు వచ్చి వ్యాను కింద ఇనుముకు బోల్టుతో బిగించి ఉంది. కరెంటు ఆ ఇనుము మీదుగానే తిరిగి బ్యాటరీకి పోవాలట, ఆ ఎర్తునే ఆయన నెల అన్నాడు. "సూడు, బోల్టు కింద పెయింటు. ఇనుము తగులుతలేదు. మెల్లగ మాట్లాడితే ఎట్లనో సరిపోతది, గొంతు పెంచితే కరెంటు సాలదు, డబ్బా భయపడి బంద్ అయితది. అయినా ఎవడన్నా కింద గింత పెయింటు కొడతడా? అదీ రెండు కోట్లు?"

గురునాథ్ నన్ను చూడలేదు. సౌభాగ్య నన్ను చూడలేదు. ఇద్దరూ పంపమ్మ వాళ్ల నీళ్ల ట్యాంకు వైపు చూశారు.

"తుప్పు..." అన్నాను నేను.

కనకప్ప బోల్టు విప్పి, గరుకు కాగితంతో గీకాడు. వెండి పళ్లెం కింద నల్లటి ఇనుము, రూపాయి బిళ్లంత. దాని మీద వైరు పెట్టి బిగించాడు. "హలో" అన్నాడు. తర్వాత గురునాథ్ "హలో" అన్నాడు. సౌభాగ్య మైకు తీసుకుని ఎంత గట్టిగా అరిచిందంటే పంపమ్మ మేడ మీద పావురాలు లేచిపోయాయి.

పచ్చ దీపం.

జూలై 24, శనివారం

మొదటి ప్రచారం సుంకప్పది. ఆయన నమ్మకం లేదని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు, కనబడితే తప్ప జనం నమ్మరని. సౌభాగ్య నేను తిప్పి పెట్టిన మాటలే చదివింది: "బతికే ఉన్నారు! బతికే ఉన్నారు మన కాంపౌండర్ సుంకప్ప గారు! నడుస్తోంది, నడుస్తోంది కొత్త గిర్ని!"

సుంకప్ప కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఊరంతా తిరిగాడు. దేవదుర్గ చెల్లెలు వెనక సీట్లో. ఆమె వచ్చిన పని ఇప్పటికి పూర్తయింది. గిర్ని ముందు వరస కట్టారట. చచ్చిపోయినవాడి గిర్నికి ఇంత గిరాకీ ఎక్కడిదని పంపమ్మ కూడా జొన్నలు తీసుకుని పోయింది.

జూలై 26, సోమవారం

నేనూ పోయాను మాన్వికి. వద్దన్నా ఎక్కి కూర్చున్నాను. వెనక సీట్లో, ఒళ్లో బొంత పెట్టుకుని. కప్పడానికి కాదు, చేతులకు ఏదో ఒకటి ఉండాలని.

దారంతా ఆ దీపాన్నే చూస్తూ పోయాను. గుంతలు, బురద. నెల నిజంగానే బాగాలేదు, మేడమ్ అన్నట్టే. ప్రతి గుంతకూ ఆ బోల్టు వదులవుతుందేమోనని కాలు దాని మీద పెట్టి కూర్చున్నాను.

ఆఫీసు ముందు మేడమ్ నిలబడింది. జీపువాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల డబ్బా పెద్దది. సౌభాగ్య మొదలుపెట్టింది. తెలుగు, కన్నడం, ఉర్దూ. మేడమ్ చెయ్యి ఎత్తి ఇంకా గట్టిగా అంది. సౌభాగ్య పెంచింది. ఇంకా గట్టిగా అంది. నేను కళ్లు మూసుకున్నాను. ఊపిరి కూడా ఆపాను. నేను ఆపినా గొంతు ఆగలేదు. "కాచి తాగండి నీళ్లు! మూత పెట్టండి కడవకు! కడగండి చేతులు, అన్నానికి ముందు!"

కళ్లు తెరిచాను. పచ్చగానే ఉంది. నా కాలు మాత్రం తిమ్మిరెక్కింది.

మేడమ్ వ్యాను దగ్గరికి వచ్చింది. "మాటలు బాగున్నయి. ముందే పని చెప్పేస్తున్నరు, ఎంత దూరం వాళ్లకైనా అందుతది. ఎవరు రాసిచ్చిన్రు?"

"మా అత్తమ్మ" అంది సౌభాగ్య, మైకు ఇంకా చేతిలోనే ఉంది. మాన్వి అంతా వింది.

నేను బొంత ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

జూలై 27, మంగళవారం

పని వీళ్లకే ఇచ్చారు. పొద్దున ఫోను వచ్చింది. ఈసారి నన్ను ఎత్తనివ్వలేదు.

గురునాథ్ కాంట్రాక్టరుకు రానని చెప్పి వచ్చాడు. వచ్చి ఇనప్పెట్టె మీద వెతికాడు. "దుమ్ము గుడ్డ ఏమైందమ్మా? వ్యాను తుడుస్తందుకు కావాల" అన్నాడు. బియ్యం డబ్బా అడుగునుంచి తీసి ఇచ్చాను. ఎందుకు అక్కడ ఉందని అడగలేదు. నా కొడుకు మంచివాడు.

ఈ డైరీలో వెనక్కి తిప్పి చూశాను. ప్రతి రోజూ భయం ముందు రాశాను. మంచిది ఉంటే చివర్లో, ఉంటే. ఈరోజు తిప్పి రాస్తాను. మాట తెగినా మంచిదే మిగలాలి.

కొడుకు ఇంట్లో ఉన్నాడు. కనుబొమ్మలు నల్లగా ఉన్నాయి. కోడలు గొంతు బాగుంది. బోల్టు గట్టిగా ఉంది. సుంకప్ప బతికే ఉన్నాడు. పంపమ్మ నీళ్ల ట్యాంకు

అది రేపు రాస్తాను. రీఫిల్ తెమ్మని ఎవరికీ గుర్తు చేయలేదు, ఇప్పుడు సిరా ఆగి ఆగి పడుతోంది. అసలు మాట ఒక్కటే మిగిలింది, గట్టిగా నొక్కి రాస్తున్నాను. ఈరోజు నుంచి నేను ఇంక దేనికీ భయపడ